“ఎంత చెప్పినా టెస్టుకి రావట్లేదు అక్కా” – ఒక అవుట్‌రీచ్ వర్కర్ ప్రశ్నకి జవాబు

ప్రశ్న: అక్కా, నేను ఒక స్వచ్ఛంద సంస్థలో అవుట్‌రీచ్ వర్కర్‌గా చేస్తున్నా. సెక్స్ వర్కర్లు, ట్రాన్స్‌జెండర్ వాళ్ళు, డ్రగ్స్ ఇంజెక్ట్ చేసుకునే కుర్రాళ్ళు, వీళ్ళతోనే నా పని. కండోమ్స్ ఇస్తాం, మీటింగులు పెడతాం, హెచ్ఐవీ గురించి చెబుతాం, అన్నీ వింటారు, తలూపుతారు, కానీ టెస్టుకి రమ్మంటే మాత్రం రారు. హెచ్ఐవీ రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రల గురించి చెబితే “చూద్దాంలే” అంటారు, మొదలుపెట్టినవాళ్ళు కూడా రెండో నెలకి కనపడరు. మా పైవాళ్ళేమో అవగాహన పెంచండి, ఇంకో క్యాంపు పెట్టండి అంటారు. మొన్న ఒకావిడ కండోమ్ చిరిగిందని నాలుగు రోజుల తర్వాత వచ్చి చెప్పింది, ఇప్పుడింక చేసేదేం లేదని క్లినిక్‌లో పంపించేశారు. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు. వీళ్ళకి ఎలా చెబితే వింటారక్కా?

జవాబు:

అక్కా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా చెల్లీ, ఏమనుకోకు.

ముందు ఆవిడ సంగతి చూద్దాం, ఎందుకంటే మిగతావన్నీ ఆగుతాయి గానీ అది ఆగదు. “చేసేదేం లేదు” అన్నది తప్పు మాట. పెప్ మందులు, అంటే ప్రమాదం జరిగాక హెచ్ఐవీ అంటకుండా వాడేవి, ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే మొదలుపెట్టరు, మొదలుపెడితే 28 రోజులు వాడాలి, ఇదంతా నిజమే, నాలుగో రోజుకి ఆ టైం దాటిపోయింది. కానీ దాటిపోయింది ఆ ఒక్కటే. ఆ రోజు ఆవిడకి గర్భం రాకుండా ఎమర్జెన్సీ మాత్ర అడిగి ఉండొచ్చు, ఐదు రోజుల్లోపు వేసుకునేవి ఉన్నాయి, సుఖవ్యాధుల పరీక్షలు చేసి ఉండొచ్చు, హెచ్ఐవీ టెస్ట్ ఒకటి అప్పుడే చేసి మళ్ళీ ఎప్పుడు రావాలో చెప్పి ఉండొచ్చు. ఇప్పటికీ మించిపోయింది లేదు, నువ్వే తోడు తీసుకెళ్ళు. ఈ మధ్యలో జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దుర్లు లాంటివి వస్తే, మామూలుగా రెండు నుంచి నాలుగు వారాల్లో వస్తాయి, మామూలు జ్వరమే అని వదిలెయ్యకుండా వెంటనే టెస్ట్ చేయించాలి. ఏమీ రాకపోయినా 12 వారాలకి ఒకసారి కచ్చితంగా చేయించాలి, అప్పటిదాకా కండోమ్ తప్పనిసరి. నెగెటివ్ అని తేలితే అక్కడితో “హమ్మయ్య” అని పంపించెయ్యకుండా ప్రెప్ గురించి మాట్లాడాలి, ఎందుకంటే ఆవిడ పని అదే కదా, కండోమ్ ఇంకోసారి చిరగదని ఎవరు చెప్పగలరు.

ఇక నీ ప్రశ్న. ఎలా చెబితే వింటారు అన్నావు. వాళ్ళు విన్నారు చెల్లీ, నువ్వు చెప్పింది వాళ్ళకి అర్థమైంది కూడా. ఏళ్ళ తరబడి ఆ పనిలో ఉన్న మనిషికి కండోమ్ ఎందుకు వాడాలో నీకంటే నాకంటే బాగా తెలుసు. తెలిసిన మనిషికి, కావాల్సిన వస్తువుకి మధ్యలో ఏదో అడ్డం ఉంది, ఆ అడ్డం ఏంటో చూడకుండా అవగాహన క్యాంపులు ఎన్ని పెట్టినా అదే జనం వచ్చి అదే టీ తాగి వెళ్ళిపోతారు. నన్నడిగితే మీ సంస్థలో ముందు తగ్గించాల్సిన ఖర్చు ఆ క్యాంపులదే.

ఒక పని చెయ్యి. నీ మీద నమ్మకం ఉన్న ఒక్క మనిషిని అడిగి, ఆవిడ బయల్దేరిన దగ్గర్నుంచి మందు చేతిలో పడేదాకా పక్కనే ఉండి మొత్తం చూడు, నువ్వేం మాట్లాడకు, చూడు అంతే. క్లినిక్ పొద్దున తొమ్మిదికి తెరుస్తారు, ఆవిడ పడుకునేదే తెల్లారుజామున. కౌంటర్ దగ్గర గుర్తింపు కార్డు అడుగుతారు, అందులో ఒక పేరు, మనిషి ఇంకో పేరుతో బతుకుతోంది, ట్రాన్స్ అమ్మాయి అయితే కార్డు మీద మగ పేరు, ఆ పేరే హాలంతా వినపడేట్టు పిలుస్తారు, అందరూ తలతిప్పి చూస్తారు. ఫారంలో భర్త పేరు అని ఒక గడి. ఏం పని చేస్తావు అని ఇంకో గడి. హెచ్ఐవీ వాళ్ళ ఫైలు ఒక్కటే వేరే రంగులో ఉంటుంది కాబట్టి అది చేతిలో పట్టుకుని వరండాలో నిలబడితే చాలు, ఎందుకొచ్చిందో చెప్పక్కర్లేదు. లోపల కౌన్సెలర్ మంచివాళ్ళే కావొచ్చు, కానీ అక్కడిదాకా వెళ్ళేలోపే వాచ్‌మన్ ఒక మాట అంటాడు, ల్యాబ్‌లో ఒకరు ఒక చూపు చూస్తారు. ఇదంతా అయ్యాక “రేపు రండి, రిపోర్ట్ రేపు ఇస్తాం” అంటారు. ఆ రేపు ఆవిడ రాదు. ఎందుకు రాలేదో నీకు అప్పుడు అర్థమవుతుంది, నీకే కోపం వస్తుంది, ఆ కోపాన్ని కాయితం మీద పెట్టు, ఎక్కడెక్కడ ఎంతసేపు, ఎవరేమన్నారు, అన్నీ. ఏ మీటింగులో అయినా నీ దగ్గరుండే బలమైన ఆధారం ఆ కాయితమే అవుతుంది.

తర్వాత ఆ కాయితంలో ఒక్కో అడ్డం తీసెయ్యడమే పని. అన్నీ మీ చేతుల్లో ఉండవు గానీ కొన్ని ఉంటాయి. వారంలో ఒక్క సాయంత్రం అయినా, రాత్రి తొమ్మిది పదింటిదాకా తెరిచి ఉంచమని అడగొచ్చు. పేరు బదులు నంబరుతో పిలవమని, ఫైలు రంగు మార్చమని అడగొచ్చు, దానికి ఎవరి బడ్జెట్టూ అక్కర్లేదు. టెస్ట్ అయితే అసలు వాళ్ళని క్లినిక్‌కి రప్పించాల్సిన పనే లేదు, వేలి చివర చుక్క రక్తంతోనో చిగుళ్ళ మీద పుల్లతో రుద్దుకునో ఎవరికి వాళ్ళే చేసుకునే సెల్ఫ్ టెస్ట్ కిట్లు ఉన్నాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016 నుంచే వాటిని వాడమంటోంది. ఒకావిడకి రెండు మూడు కిట్లు ఇస్తే తన స్నేహితురాలికి ఒకటి, తనతో ఉండే మనిషికి ఒకటి ఇస్తుంది, నీకెప్పుడూ కనపడని మనుషుల దగ్గరికి అలా చేరతాయి. ఒక్క జాగ్రత్త, కిట్‌లో గీత పడినంత మాత్రాన పాజిటివ్ అని తేల్చెయ్యకూడదు, సెంటర్లో మళ్ళీ టెస్ట్ చేసి నిర్ధారించాలి, గీత పడిన రాత్రి ఆ మనిషి ఫోన్ చెయ్యడానికి ఒక నంబరు ఉండాలి, ఆ నంబరు ఎత్తే మనిషి ఉండాలి. అది లేకుండా కిట్లు పంచొద్దు.

ఆ ఫోన్ పెప్‌కి కూడా పనికొస్తుంది. కండోమ్ చిరగడం, బలవంతం జరగడం, ఇవన్నీ రాత్రిళ్ళు, సెలవు రోజుల్లో జరుగుతాయి, 72 గంటల్లో శని ఆదివారాలు పోతే మిగిలేదేంటి. అందుకని కనీసం మొదటి మూడు రోజుల మందులు ఎమర్జెన్సీ వార్డులోనో రాత్రిపూట ఉండే నర్సు దగ్గరో ఉంచి, ప్రశ్నలేం వెయ్యకుండా మొదటి డోసు అక్కడే ఇచ్చి, మిగతాది తర్వాత చూసుకునే ఏర్పాటు మీ డాక్టర్లతో మాట్లాడి చేయించు. కండోమ్ ప్యాకెట్ ఇచ్చేటప్పుడే “చిరిగితే ఈ నంబరు, అదే రోజు” అని చెప్పు, వీలైతే ప్యాకెట్ మీద అంటించు. చిరగకుండా ఉండాలంటే లూబ్రికెంట్, అంటే జారుడుగా ఉండే జెల్ కూడా ఇవ్వాలి, అది ఇవ్వకపోతే చేతికందిన కొబ్బరి నూనో వాసెలినో వాడతారు, నూనె తగిలితే కండోమ్ రబ్బరు (లేటెక్స్) పాడైపోతుంది, కాబట్టి నీటితో చేసిన లూబ్ లేకుండా కండోమ్ ఒక్కటే ఇవ్వడం సగం పనే.

ప్రెప్ గురించి కొంచెం ఎక్కువ రాస్తా, నీ లెటర్లో నన్ను బాగా పట్టుకున్న మాట అది, రెండో నెలకి కనపడరు అన్నావు చూడు. టెనోఫోవిర్‌తో ఇంకో మందు కలిపిన రోజు మాత్ర ఇది, అమెరికా 2012లో ఒప్పుకుంది, రిస్క్ ఎక్కువున్న ఎవరికైనా ఇవ్వొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది. సరిగ్గా వేసుకుంటే చాలా బాగా పనిచేస్తుంది, వేసుకోకపోతే పనిచెయ్యదు, అంతే. ఎందుకు మానేస్తారు అంటే, పాజిటివ్ వాళ్ళు వాడే మందుల సీసాలాగే ఉంటుంది ఈ సీసా కూడా, ఒకే గదిలో నలుగురుండే చోట అది ఎవరి కంటైనా పడితే “దీనికి ఉందట” అని వీధంతా పాకుతుంది, కస్టమర్లు పోతారు, ఇంట్లోవాడు కొడతాడు. అలాంటప్పుడు మందు మానెయ్యడం తెలివితక్కువతనం కాదు కదా, ఆవిడ రెండు ప్రమాదాలు బేరీజు వేసుకుని దగ్గరున్నదానికి భయపడింది. మాత్రలు మామూలు కవర్లో, మామూలు డబ్బాలో పెట్టుకోమని ఇస్తే ఈ సమస్య సగం తీరుతుంది, డబ్బాలో తేమ తగలకుండా చూసుకోమని చెప్పు. మొదట్లో కొన్ని వారాలు కొంతమందికి కడుపులో వికారం, తలనొప్పి ఉంటాయి, తర్వాత తగ్గిపోతాయి, ఈ సంగతి ముందే చెప్పకపోతే మందు పడలేదని మానేస్తారు. నెలనెలా వచ్చి లైన్లో నిలబడమంటే కుదరదు, మొదటి నెల చూశాక మూడు నెలలకి సరిపడా ఇవ్వాలి, హెచ్ఐవీ టెస్ట్ కూడా మూడు నెలలకే కాబట్టి రెండూ ఒకేసారి అయిపోతాయి. ట్రాన్స్ అమ్మాయిలు చాలామంది భయపడేది ఇంకొకటి, ఈ మాత్ర వల్ల తాము వాడే హార్మోన్లు పనిచెయ్యకుండా పోతాయేమో అని. అలా జరగదు, ఈస్ట్రోజన్ మీద ఈ మందు ప్రభావం పెద్దగా ఉండదని పరిశోధనల్లో తేలింది, కానీ వాళ్ళు అడగకముందే నువ్వు చెప్పాలి, ఎందుకంటే ఆ భయం ఉన్నవాళ్ళు పైకి అడగరు, ఊరికే మానేస్తారు.

ఇంకోటి కూడా. పని మానేసి కొన్నాళ్ళు ఊరికెళ్ళిన మనిషికి ఆ కొన్నాళ్ళు ప్రెప్ అక్కర్లేకపోవచ్చు. మీ రిజిస్టర్‌లో “డ్రాపవుట్” అని రాసుకుంటారు, ఆవిడ తిరిగొచ్చాక అదే మొహం పెట్టుకుని “ఎందుకు మానేశావ్” అంటే ఇంక రాదు. ఎలా ఆపాలో, మళ్ళీ ఎలా మొదలుపెట్టాలో ముందే నేర్పించి పంపించు, తిరిగి మొదలుపెట్టే ముందు ఒక టెస్ట్, మొదలుపెట్టాక ఆడవాళ్ళకి రక్షణ రావడానికి వారం రోజులు రోజూ వేసుకోవాలి, ఈ రెండు మాటలు గుర్తుంటే చాలు.

మాత్రలు దాచుకోలేనివాళ్ళకి వేరే దారులు వచ్చాయి, వస్తున్నాయి. డాపివిరిన్ రింగ్ అని ఆడవాళ్ళు లోపల పెట్టుకునేది, నెలకొకటి, ఎవరికీ కనపడదు. క్యాబోటెగ్రావిర్ అని రెండు నెలలకొక ఇంజెక్షన్. అన్నిటికంటే నాకు ఆశ కలిగించింది లెనకాపవిర్, ఆరు నెలలకొక ఇంజెక్షన్. దక్షిణాఫ్రికా, ఉగాండాల్లో చేసిన ట్రయల్‌లో ఇది తీసుకున్న 2134 మంది ఆడవాళ్ళలో ఒక్కరికి కూడా హెచ్ఐవీ రాలేదని 2024లో తేలింది, 2025 జూలైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడమని చెప్పింది. డాక్టర్ రెడ్డీస్, హెటిరో లాంటి జెనరిక్ కంపెనీలు 2027 నుంచి ఏడాదికి మనిషికి దాదాపు 40 డాలర్లకి 120 దేశాలకి అందిస్తామన్నాయి. ఏడాదికి రెండుసార్లు, డబ్బా లేదు, సీసా లేదు, దాచుకునే పని లేదు. కానీ ఒక మాట, పైన నేను రాసిన కౌంటరు, ఫారం, వాచ్‌మన్ అలాగే ఉంటే ఆ ఇంజెక్షన్ కూడా ఫ్రిజ్‌ల పక్కన అలమరాల్లోనే ఉండిపోతుంది. కొత్త మందు వచ్చేలోపు దారి బాగుచేసుకోవడం మన పని.

డ్రగ్స్ ఇంజెక్ట్ చేసుకునే కుర్రాళ్ళ దగ్గర లెక్క వేరు. అక్కడ కొత్త సూది ఉందా లేదా అనేదే అసలు సంగతి, ప్రతిసారీ కొత్తది చేతిలో ఉంటే పక్కవాడిది ఎవడూ తీసుకోడు. చాలా చోట్ల పాతది తెస్తేనే కొత్తది అంటారు, లేదా రోజుకి ఒకటో రెండో లెక్కపెట్టి ఇస్తారు, నాకది ఎప్పుడూ అర్థం కాదు, రోజుకి నాలుగుసార్లు ఎక్కించుకునేవాడికి రెండు ఇస్తే మిగతా రెండుసార్లు ఏం చేస్తాడు. పాత సూదులు జేబులో పెట్టుకుని వస్తే పోలీసులు పట్టుకుంటారని కూడా వాళ్ళ భయం. ఏడాదికి మనిషికి కనీసం 200 సూదులు చేరితేనే బాగా చేరినట్టు లెక్క అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మీ రిజిస్టర్ తీసి మీ దగ్గర ఎన్ని చేరుతున్నాయో భాగించి చూడు, కళ్ళు తెరుచుకుంటాయి. సూదితో పాటు మందు కలిపే గిన్నె, దూది, నీళ్ళు కూడా ఎవరివి వాళ్ళకే ఇవ్వాలి, హెపటైటిస్ సి వాటి నుంచి కూడా వస్తుంది. హెరాయిన్ లాంటి మత్తుకి బదులుగా ఇచ్చే మెథడోన్, బుప్రెనార్ఫిన్ మందులు దొరికేట్టు చెయ్యగలిగితే ఇంకా మంచిది, ఇంజెక్షన్లే తగ్గుతాయి, ఈ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. ముందు మానెయ్, తర్వాత సాయం చేస్తా అనే షరతు మాత్రం పెట్టకు, మానెయ్యడానికి సిద్ధంగా లేనివాడు కూడా ఈ రోజు హెచ్ఐవీ రాకుండా ఉండాలి.

పోలీసుల సంగతి నీ లెటర్లో లేదు, కానీ ఉండి ఉంటుంది. బ్యాగులో కండోమ్స్ కనపడితే అదే సాక్ష్యం అని పట్టుకునే చోట ఎవరు మాత్రం నువ్విచ్చినవి వెంట పెట్టుకుంటారు? ఇది నువ్వొక్కదానివి తేల్చలేవు, మీ సంస్థ పెద్దవాళ్ళు స్టేషన్‌కి వెళ్ళి కూర్చుని మాట్లాడాలి, ఒక్కసారి కాదు, ఆఫీసర్ మారినప్పుడల్లా. ఎవరినైనా కొడితే, పట్టుకెళ్తే వెంటనే వచ్చే వకీలు ఒకరు మీ ఫోన్‌లో ఉండాలి. చెయ్యి విరిగిన మనిషికి కండోమ్ బేరమాడే బలం ఎక్కడిది.

సెక్స్ వర్కర్లు ఎక్కువగా ఉండే కోల్‌కతా సోనాగాచిలో 1992లో డాక్టర్ స్మరజిత్ జానా మొదలుపెట్టిన పని గురించి నువ్వు వినే ఉంటావు, వినకపోతే తెలుసుకో. అక్కడ సెక్స్ వర్కర్లనే పీర్ ఎడ్యుకేటర్లుగా, అంటే తోటివాళ్ళకి చెప్పేవాళ్ళుగా పెట్టుకున్నారు, వాళ్ళే పొద్దున్నే ఇల్లిల్లూ తిరిగారు, తర్వాత 1995లో వాళ్ళే దర్బార్ మహిళా సమన్వయ కమిటీ అని సొంత సంఘం పెట్టుకున్నారు, సొంత సహకార బ్యాంకు పెట్టుకున్నారు. ఆరోగ్యం పనికి బ్యాంకు ఎందుకు అనిపిస్తుంది కదా. చేతిలో నాలుగు డబ్బులుండి వడ్డీవాడి భయం లేని మనిషి, కండోమ్ లేకుండా ఎక్కువిస్తానన్న కస్టమర్‌ని పొమ్మనగలదు. అది పోస్టర్‌తో రాదు. మీ దగ్గర పీర్స్ ఉన్నారా, ఉంటే వాళ్ళకి సరైన జీతం ఇస్తున్నారా లేక సంతకం పెట్టించుకుని బస్సు ఛార్జీలు ఇస్తున్నారా? క్లినిక్ టైమింగ్ మార్చేటప్పుడు, ఫారం రాసేటప్పుడు వాళ్ళు ఆ గదిలో ఉంటున్నారా? నీ లెటర్ మొత్తంలో “మేం చెబుతాం, వాళ్ళు వింటారు” అని ఉంది, ఒక నెల తిప్పి చూడు, వాళ్ళు చెప్పాలి, మీరు వినాలి.

పాజిటివ్ ఉన్నవాళ్ళని ఈ పనిలో మర్చిపోకు. మందులు సరిగ్గా వేసుకుని వైరల్ లోడ్, అంటే రక్తంలో ఉండే వైరస్, టెస్టులో కనపడనంత తగ్గిపోతే, తగ్గి అలాగే ఉంటే, వాళ్ళ నుంచి సెక్స్ ద్వారా వేరేవాళ్ళకి హెచ్ఐవీ రాదు. ఒకరు పాజిటివ్ ఒకరు నెగెటివ్ ఉన్న మగ జంటల మీద చేసిన ఒక పెద్ద స్టడీలో కండోమ్ లేకుండా దాదాపు 76 వేలసార్లు కలిసినా ఒక్కరికి కూడా పార్ట్‌నర్ నుంచి అంటలేదని 2019లో వచ్చింది. ఈ మాట తెలిస్తే టెస్ట్ అంటే ఉన్న భయం కూడా తగ్గుతుంది, ఎందుకంటే పాజిటివ్ వస్తే బతుకే అయిపోయింది అనుకునేవాళ్ళే టెస్ట్‌కి దూరంగా ఉంటారు.

మీరు రాసుకునే లిస్టుల గురించి కూడా ఆలోచించు. ఏ వీధిలో ఎవరు, ఫోన్ నంబర్లు, ఇన్‌ఫెక్షన్లు, ఇవన్నీ ఒక ఎక్సెల్ షీట్‌లో పెట్టి వాట్సాప్ గ్రూపులో పంపుకునే సంస్థలున్నాయి. అది తప్పు చేతుల్లో పడితే ఆ మనుషుల ఇల్లూ వాకిలీ పోతాయి. అవసరం లేనిది అడగొద్దు, అడిగింది తాళం వేసి పెట్టండి, గ్రూపుల్లో అస్సలు పంపొద్దు.

మీ పైవాళ్ళతో మాట్లాడేటప్పుడు జాలి గురించి మాట్లాడకు, లెక్క చెప్పు. ఎయిడ్స్ మీద పనిచేసే ఐక్యరాజ్య సమితి సంస్థ యూఎన్ఎయిడ్స్ లెక్కల ప్రకారం 2024లో ప్రపంచంలో కొత్తగా 13 లక్షల మందికి హెచ్ఐవీ వచ్చింది, 2022 అంచనాల్లో కొత్త కేసుల్లో సగానికి పైగా, 55 శాతం, నువ్వు పనిచేస్తున్న ఇలాంటి గుంపుల వాళ్ళూ వాళ్ళ పార్ట్‌నర్లే. కాబట్టి ఎన్ని క్యాంపులు పెట్టాం, ఎన్ని కరపత్రాలు పంచాం అని కాకుండా, అడిగినవాళ్ళలో ఎంతమందికి అదే రోజు టెస్ట్ అయింది, ఎంతమందికి అదే రోజు మందు దొరికింది, మూడు నెలలకి ఎంతమంది మిగిలారు, ఇవి లెక్కపెట్టమని అడుగు. డబ్బు ఒకే దాత దగ్గర్నుంచి వస్తుంటే అదీ ఆలోచించమను, 2025 మొదట్లో అమెరికా సాయం ఆపేసినప్పుడు ఎన్నో దేశాల్లో క్లినిక్‌లు ఉన్నపళంగా మూతపడ్డాయి, తర్వాత కొంత తెరిచినా ఆ డబ్బుతో ప్రెప్ గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ మాత్రమే అన్నారు, సెక్స్ వర్కర్లు, గే మగవాళ్ళు, ట్రాన్స్ వాళ్ళు లైన్లో ఉండగానే వాళ్ళని బయటికి నెట్టేసినట్టయింది. అందుకే కొంచెమైనా సరే స్థానిక ప్రభుత్వ బడ్జెట్‌లో ఈ పనికి ఒక పద్దు ఉండాలి, దానికోసం ఇప్పట్నుంచే తిరగాలి.

ఇంకొకటి నీ గురించి. సూదులతో పనిచేసే చోటికి వెళ్తున్నావు కదా, హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకున్నావా? మీ టీంలో అందరికీ వేయించమని రాతపూర్వకంగా అడుగు. పాత సూదులు చేత్తో ఏరొద్దు, మూత పెట్టడానికి ప్రయత్నించొద్దు, గట్టి డబ్బా వెంట ఉండాలి. ఎప్పుడైనా గుచ్చుకుంటే నొక్కొద్దు, సబ్బుతో నీళ్ళ కింద కడుక్కుని అప్పుడే బయల్దేరు, ఎవరికి ఫోన్ చెయ్యాలో, ఆ రాత్రి పెప్ ఎక్కడ దొరుకుతుందో నీకు ఇవ్వాళే తెలిసి ఉండాలి.